గోలు లేని ఓటమి

(తిరుపతిలోని యొక పఠనాలయమున ఆదివారపు సభలో చేసిన యుపన్యాసము)



న్యాయవాదికి ఫుట్బాలుతో నేమి పనియని మీలో కొందఱు అడుగవచ్చును. అడిగినను తప్పులేదు. వారములో ఐదుదినములు చిత్తూరు కోర్టులలో వాయిదాలతోను, మిగిలిన రెండుదినములు సంఘసేవా కార్యములతోను కాలము గడుపువారము మేము. అయినను మీకు జ్ఞాపకముండును. 2023 మార్చి 13వ తేదీ రాత్రి ఈ మందిరముననే, ఈ బల్లలమీదనే కూర్చుండి, మనమందఱము హైదరాబాదు జట్టు ఆటను టెలివిజనులో చూచితిమి. కలకత్తా సాల్టులేకు మైదానమున మోహన్ బగాన్ జట్టుతో సెమీఫైనలు రెండవ ఆట యది. తొంబది నిమిషములు గడచినవి, గోలు లేదు. అదనముగా ముప్పది నిమిషములు ఆడించిరి, గోలు లేదు. అంతకు నాలుగుదినములు ముందు, మార్చి 9న, గచ్చిబౌలిలో జరిగిన మొదటి ఆటయందును గోలు లేదు. మొత్తము 210 నిమిషములు. ఆపైని పెనాల్టీలు. బగాన్ 4–3గా గెలిచినది.

ఆ రాత్రి మూలనున్న పెద్దయొకరు, దినపత్రికలు చదువుటకే గాని ఆటలకై ఎన్నడును రానివారు, కండ్లజోడు తీసి తుడుచుకొనుచు, "గోలే పడలేదు కదప్పా, మఱి మనోళ్లు ఓడిపోయినారంటారేమి?" అని యడిగిరి. "అదృష్టము లేదు పెద్దాయనా, పెనాల్టీలలో పోయినది" అని మేము బదులు చెప్పితిమి. ఆయన తలయూచి వెడలిపోయిరి. ఆ బదులు తప్పు. తప్పుడు సాక్ష్యము చెప్పినవానివలె నది మమ్ము నేటికిని బాధించుచున్నది. ఆ సాక్ష్యమును సవరించుకొనుటకే నేడు మీయెదుట నిలిచినాము.

ఇంతకాలమునకు ఇప్పుడేల యందురా? ఆ జట్టే నేడు హైదరాబాదున లేదు. యాజమాన్యము మాఱి, 2025 అక్టోబరునాటికి అది ఢిల్లీకి తరలి, పేరు సహితము మార్చుకొన్నది. బ్రతికియున్నవానిని గూర్చి మాటలాడునప్పుడు మొగమాటముండును. ఇప్పుడా యిబ్బంది లేదు. లెక్కలు విప్పి చూడవచ్చును.

మొదట ఆ పెనాల్టీల సంగతి ముగింతము. సివేరియో తన్నిన దానిని బగాన్ గోలుకీపరు విశాల్ కైత్ పట్టనీయక నెట్టివైచెను. ఓగ్బెచే తన్నినది స్తంభమును కొట్టెను. ఈ రెంటినే మఱునాడు అందఱును చెప్పుకొనిరి. మన దేశమునకు ఈ పెనాల్టీల విచారము క్రొత్తది గాదు. స్వతంత్రభారతపు తొలి ఒలింపిక్ జట్టు 1948 జులై 31న లండను సమీపముననున్న ఇల్ఫర్డులో ఫ్రాన్సుతో ఆడి, రెండు పెనాల్టీలు జారవిడిచి, 2–1గా ఓడినది. మనవారిలో అధికులు ఆనాడు వట్టికాళ్లతో ఆడిరి. పాదరక్షలు లేని యా పిల్లలు తొంబది నిమిషములలో ఒక గోలైనను వేసిరి గదా! 210 నిమిషములు చేత నుంచుకొనిన జట్టు పండ్రెండు గజముల దూరమునుండి తన్నిన రెండు తాపులను నిందించుట మాకు న్యాయముగా దోచదు. దావా దాఖలు, సాక్ష్యము, వాదన, అన్నియు చక్కగా సాగిన పిమ్మట, తీర్పు చీట్లువేసి తేల్చవలసి వచ్చెనన్నచో, వకీలు ఎక్కడనో పని ముగింపక విడిచెనన్నమాట.

ఇక ఆ జట్టు సామాన్యమైనదా? కానేకాదు. 2019లో పుట్టినది. మొదటియేట పది జట్లలో పదవది. పదునెనిమిది ఆటలలో రెండే గెలిచినది. 2020లో మనోలో మార్కెజ్ అను స్పానిషు శిక్షకుడు వచ్చెను. ఆ యేడు ఐదవస్థానము. మఱుసటియేడు, అనగా 2021–22లో, ఇరువది లీగు ఆటలలో 43 గోలులు వేసి, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో గెలిచి, దేశవిజేత యైనది. ఆ రాత్రి కట్టిమణి గోలులో నిలిచి మూడు పెనాల్టీలను ఆపిన విధము మఱువరానిది. తరువాత రెండువారములకే, ఏప్రిలు 4న, మన తిరుపతి జిల్లా యేర్పడినది. ఆ దినములలో గాంధిరోడ్డు కాఫీహోటళ్లలో ఏ కార్యాలయము ఎక్కడ పెట్టుదురను ముచ్చటయు, హైదరాబాదు గెలుపు ముచ్చటయు కలిసియే నడచినవి.

ఆ విజయమునకు దారితీసిన సెమీఫైనలులో ప్రత్యర్థి యెవరు? ఈ మోహన్ బగానే. ఆ యేడు మొదటి ఆటలోనే మనవారు మూడు గోలులు వేసిరి: ఓగ్బెచే ఒకటి, యాసిర్ ఒకటి, సివేరియో ఒకటి. రెండవ ఆటలో 1–0గా ఓడినను మొత్తముమీద 3–2తో పైకిపోయిరి. శిక్షకుడు మాఱలేదు, ఆ మువ్వురును మాఱలేదు, ప్రత్యర్థియు మాఱలేదు. పండ్రెండు నెలలలో మూడు గోలులు సున్న యెట్లయ్యెను?

ఇచ్చట లెక్క కొంచెము చూడవలెను. 2022–23 లీగులో హైదరాబాదు రెండవస్థానమున నిలిచి 42 పాయింట్లు సంపాదించినది. తనపై పడిన గోలులు వెనుకటియేట 23, ఈయేట 16. అనగా గోడ బలపడినది. తాను వేసినవి 43 నుండి 36కు దిగినవి. ఓగ్బెచే విజయపుటేట 18 వేసి దేశమునందలి గోలువీరులలో అగ్రస్థానము పొందెను; మఱుసటియేట పది వేసెను. జట్టుకు తగ్గినవి ఏడు, ఆయనకు తగ్గినవి సుమారంతియే. అనగా ఆ యొక్కని చేతినుండి జారినదానిని పట్టుటకు రెండవచేయి లేకపోయెను. ఆ యేడు బగానుతో నాలుగుమార్లు తలపడి మనవారు వేసినది ఒక్కటే గోలు. ఫిబ్రవరి 14న హైదరాబాదులో, ఆట చివరిదశలో. వేసినవాడెవరని అడుగ పనిలేదు. ఓగ్బెచేయే.

ఆయనను నిందించుట మా యుద్దేశము కాదు. 2002లో నైజీరియా పక్షమున ప్రపంచకప్పు ఆడినవాడు. ఈ సెమీఫైనలునాటికి ముప్పదియెనిమిదేండ్లవాడు. ఆ వయసున మన వకీళ్లలో ననేకులు కోర్టు మెట్లెక్కుటకే ఆయాసపడుదురు. తప్పు కావడి మోసినవానిది కాదు. ఒక్కని భుజముమీదనే కావడి యుంచినవారిది.

ఆటను చూచినంతమట్టుకు మాకు దోచినది మనవిచేసెదము. మార్కెజ్ జట్టు బంతిని తొందరపడి పాఱవైచునది కాదు. వెనుకనుండి మధ్యకు, మధ్యనుండి ప్రక్కలకు, ప్రక్కలనుండి మరల మధ్యకు నోర్పుతో నడపును. చూచుటకు కన్నులపండువు. కాని బగాన్ వంటి జట్టు తన పదిమందిని గోలుముందు రెండు వరుసలుగా నిలిపినపుడు, ఆ నడక యెంత సొంపైనదైనను చుట్టు తిరుగుటయే యగును. అపుడు కావలసినవి రెండు. బంతి ప్రక్కనుండి లోనికి వచ్చునప్పుడు ముందువాని వెంట మఱి యిద్దఱు మువ్వురు పెట్టెలోనికి పరువెత్తవలెను. కాళ్లసందున చిక్కిన బంతిని ఆలోచింపక తన్నువాడొకడు ఉండవలెను. మనవారిలో బంతి నిచ్చువారు నలుగురున్నచోట పుచ్చుకొనువాడు ఒక్కడు. వాని నిద్దఱు కాచినచో కథ ముగిసినది. అలిపిరిలో బయలుదేఱి 3,550 మెట్లెక్కి, మోకాళ్లపర్వతము దాటి, మహాద్వారమువఱకు బోయి, దర్శనము లేకయే దిగివచ్చినట్లున్నది. ఎక్కిన శ్రమ యబద్ధమని మేమనము. కాని దర్శనమైనదని యింటివారితో ఎట్లు చెప్పుదుము?

శిక్షకునికిది తెలియదా? తెలియకేమి! పిమ్మట ఆయనకే దేశపు జట్టును అప్పగించిరి. 2024 జులై నుండి ఒక యేడు ఆయన ఎనిమిది ఆటలు ఆడించి ఒక్కటి గెలిచెను. మారిషస్‌తో 0–0, షిల్లాంగులో బంగ్లాదేశముతో 0–0, కట్టకడపట 2025 జూను 10న హాంగ్‌కాంగులో 0–1. ఆ నడుమ, 2024లో విశ్రమించిన సునీల్ ఛేత్రిని నలుబదియేండ్ల వయసున మరల పిలిపించిరి. ఆయన మాల్దీవులపై తలతో గోలు వేసెను; ఆ యొక్కయాటయే గెలుపు. ఛేత్రి జన్మస్థానము మన సికింద్రాబాదే యన్నది కొందఱికి తెలియకపోవచ్చును, కాని సైనికోద్యోగి కుమారుడగుటచే ఆ జన్మము మనకు కీర్తి తెచ్చినంతగా మన మైదానములకు పేరు తేలేదు. హైదరాబాదున ముప్పదియెనిమిదేండ్ల ఓగ్బెచే, భారతజట్టున నలుబదియేండ్ల ఛేత్రి. వ్యాధి యొక్కటే. శిక్షకుడు మాఱినను అది మాఱదు.

కారణము దాచిపెట్టినది కాదు. లీగున ఒక్కొక్క జట్టు ఒకేమాఱు మైదానమున నిలుపదగిన విదేశీయుల సంఖ్యను 2021–22 నుండి నాలుగింటికి దించిరి. మంచిదే. కాని ఆ నలుగురిలో ఒకనిని ప్రతిజట్టును దాదాపుగా ముందు నడుమ నిలుపును, ఏలయన గోలు వేయువాడే టిక్కెట్టునకు ధర తెచ్చువాడు. మన పిల్లవాడు ప్రక్కన పరువెత్తుటకో, వెనుక కాచుటకో పనికివచ్చును. దిగుమతి గుడ్డ చవుకగా దొరకినపుడు ఊరి మగ్గము మూలబడినట్లు, ఆ స్థానమున ఆడునేర్పు మన వీథులలో మూలబడినది. 2023 సెమీఫైనలున దాడికి దిగిన ముందువరుసలో తెలుగునేలపై పెరిగినవా డొక్కడును లేడు. అస్సామునుండి నార్జరీ, మణిపురమునుండి యాసిర్. వారు మనవారే, వారియెడ మాకు గౌరవమున్నది. అయినను హైదరాబాదు పేరు తొడుగుకొన్న జట్టునకు హైదరాబాదు గోలు వేయువానిని ఈయలేకపోయెను.

ఒకప్పుడిట్లు లేదు. హైదరాబాదు నగర పోలీసుజట్టు 1950 మొదలు 1954 వఱకు ఐదేండ్లు వరుసగా రోవర్స్ కప్పు గెలిచినది. దానిని తీర్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిచే పాఠశాలోపాధ్యాయుడు. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో భారతమును నాలుగవస్థానమునకు, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమునకు తెచ్చినవాడు నాయనే. ఆయన పిల్లలకు పెట్టిన పోటీలను గూర్చి చదివినపుడు మాకు మతిపోయినది. ఒక పోటీలో బంతిని కాలనుంచుకొని చుట్టుట నిషేధము, అందుకొన్నవెంటనే విడువవలెను. మఱియొక పోటీలో బలములేని కాలితోనే తన్నవలెను. కుడికాలివాడు ఎడమతో, ఎడమకాలివాడు కుడితో. ఎంత చిన్న యుపాయము! గోలుముందు బంతి ఏ కాలికి వచ్చునో ఎవనికి తెలియును? మంచికాలికి మార్చుకొను నరక్షణములోనే ద్వారము మూతపడును.

ఆ బడినుండి వచ్చినవాడే తులసీదాస్ బలరామ్. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టి, కలకత్తాకు పోయి ఈస్టు బెంగాలు జట్టునకు నాయకుడై, 1960 రోము ఒలింపిక్సులో హంగేరిపై ఒకటి, పెరూపై ఒకటి గోలు వేసెను. జకార్తా స్వర్ణమున చుని గోస్వామి, పి. కె. బెనర్జీలతో కలిసి ముందువరుసలో నిలిచెను. ఆనాడు గోలు వేయువారిని మనము కలకత్తాకు పంపితిమి. బలరామ్ 2023 ఫిబ్రవరి 16న బెంగాలుననే కన్నుమూసెను. సరిగా ఇరువదియైదు దినములకు అదే కలకత్తాలో హైదరాబాదు జట్టు 120 నిమిషములు ఆడి ఒక్కగోలు వేయలేక యింటికి మరలినది. ఈ రెండు వార్తలును వేఱువేఱు దినములలో వేఱువేఱు పుటలలో పడినవి. వానిని ఒకచోట చేర్చి చదివినవారు మనలో నెందఱు? మేమును చదువలేదు, తరువాతనే తేదీలు సరిచూచుకొన్నాము.

గెలిచినవారిని గూర్చి ఒక మాట. బగాన్ జట్టు 1911 జులై 29న దొరల పటాలపు జట్టును 2–1గా ఓడించి షీల్డు గెలిచినపుడు దేశమంతయు పులకించినది. మన చిత్తూరు జిల్లా పుట్టినదియు ఆ సంవత్సరమే, ఏప్రిలు 1న. నూఱేండ్లకు పైబడిన యా సంఘమునకు యజమానులు మాఱిరి, పేరు ముందొకటి వెనుకొకటి చేరినవి, కాని ఊరు విడిచి పోలేదు. మన జట్టు ఆఱేండ్లకే తరలినది. 2023 తరువాత ధనము తఱిగినది, బకాయిలు పెరిగినవి, క్రొత్తవారిని చేర్చుకొనరాదని ఫిఫా నిషేధము పెట్టినది, విదేశీయులు వెళ్లిపోయిరి. 2023–24లో 22 ఆటలలో ఆ జట్టు వేసిన గోలులు పది. పడినవి 43. ఒకే గెలుపు, అదియు మనకు సమీపముననున్న చెన్నపట్నమున, 2024 మార్చి 9న. నలుబదిమూడు, ముప్పదియాఱు, పది. ఎరువు తెచ్చిన గోలులు ఎరువిచ్చినవానితో పోయినవి. ధనము లేక జట్టు చెడినదందురు, నిజమే. కాని ధనము పోయినపుడు రక్షణకు, మధ్యవరుసకు ఏదో విధమున దేశీయులు దొరకిరి, గోలు వేయువాడు మాత్రము దొరకలేదు. చెరువున నీరున్నప్పుడే తూము బాగుచేసికొననివాడు ఎండాకాలమున విచారించి యేమి ప్రయోజనము?

ఇంతవఱకు హైదరాబాదును గూర్చి మాటలాడితిమి. దూరపువారి తప్పులు ఎన్నుట సులభము. ఇక మన తప్పు.

రెండేండ్ల క్రిందట మేము కొందఱము చేరి ఇచ్చట పిల్లలకు ఫుట్బాలు పోటీ యొకటి నడిపితిమి. ఒక పాఠశాలవారు మైదానమిచ్చిరి. గోలుస్తంభములకు ధనము చాలలేదు. రెండేసి యిటుకలు పెట్టి ఆడించితిమి. సగమునకు పైగా ఆటలు గోలు లేకయే ముగిసినవి, మిగిలినవి తగవులతో ముగిసినవి. ఇటుకలమీద అడ్డకఱ్ఱ యుండదు గదా! నిజమైన గోలు ఎనిమిదడుగుల ఎత్తు, ఇరువదినాలుగడుగుల వెడల్పు. ఇటుకల నడుమ పిల్లవాడు ఆకాశమున దన్నినను గోలేయని యరచును. కాదని యవతలివాడు అరచును. ఇట్లు పెరిగిన పిల్లవాడు బంతిని అణచి తన్నుట ఎన్నడు నేర్చుకొనును? వల లేదు గనుక తన్నిన ప్రతిసారి బంతికై నూఱుగజములు పరువెత్తవలెను. అందుచే అసలు తన్నుటయే మానుకొని కాలనుంచుకొని తిప్పును. చూచువారును దానికే చప్పట్లు చరచుదురు. మేమేమి చేసితిమి? ముగింపుసభలో ఉత్తమాటగానికి వెండికప్పు ఇచ్చునప్పుడు, బంతిని నలుగురి నడుమ తిప్పి తిప్పి చివరకు పోగొట్టుకొనిన పిల్లవానికే యిచ్చితిమి! ఆ పోటీలో అందఱికంటె ఎక్కువ గోలులు వేసిన బక్కపిల్లవానికి ఒక పెన్ను నిచ్చి పంపితిమి. వాడు ఏ కాలితో తన్నెనో కూడ మేము గమనింపలేదు. మా యధ్యక్షోపన్యాసము మాత్రము ముప్పావుగంట సాగినది.

హైదరాబాదు జట్టు యజమానులు కోట్లు పెట్టి చేసిన పొరపాటునే మేము చందాలు పోగుచేసి చేసితిమని యిప్పుడు తెలియుచున్నది.

అంత నిరాశయు అక్కఱలేదు. నిజామాబాదు ప్రాంతపు తండాలో పుట్టిన సౌమ్య గుగులోత్ భారత మహిళాజట్టు ముందువరుసలో ఆడుచున్నది. ప్రక్కన కాచుటకో, వెనుక నిలుచుటకో కాదు, గోలు వేయుస్థానముననే. ఆ బాలికకు గచ్చిబౌలివంటి మైదానము చిన్ననాట దొరకియుండదు. ఐనను తన్నుమని యెవరో చెప్పియుండవలెను, తన్నినపుడు బంతి తెచ్చియిచ్చినవా డొక్కడైనను ఉండియుండవలెను. అంతకంటె మన మీ యూర చేయదగినది పెద్దగా లేదు.

కాబట్టి ఈ వేసవి పోటీకి మేము నిబంధనలు తిరిగి వ్రాసితిమి. ప్రతివాడును బంతిని మూడు తాకులలో విడువవలెను. బలములేని కాలితో వేసిన గోలు రెండుగా లెక్కింపబడును. ఏ కాలు బలములేనిదో మొదటనే పేరు చెప్పునప్పుడు వ్రాయించుకొందుము, వకీళ్లము గనుక ఆ పట్టీమీద సంతకము కూడ పెట్టింతుము. గోలు లేని ఆటకు రెండు జట్లకును సున్నయే, పంపకము లేదు. కప్పు గోలులు వేసినవానికి. ఉపన్యాసము ఐదు నిమిషములు. బాలికలకు వేఱుగా నాలుగు జట్లు.

స్తంభములు మన కమ్మరివారు ఒప్పుకొన్నారు. ఎనిమిదడుగులకు ఒక్క అంగుళము తగ్గినను పుచ్చుకొనమని చెప్పితిమి. వలలకు అంగడిలో అడిగిన ధర మా చందాపట్టీకి మించినది. పులికాటు తీరమున చేపలవలలు అల్లువారిని మా మిత్రుడొకడు పోయి చూచి వచ్చెను. సన్నకన్ను వద్దు, బంతి దూరనంత కన్ను చాలునని చెప్పగా వారు నవ్వి, ఇంత పెద్దకన్ను వలలో ఏ చేప పడునని యడిగిరట. వచ్చు శుక్రవారమునకు రెండు వలలు ఇచ్చెదమన్నారు. వానిని మోసికొని వచ్చుటకు ఇద్దఱు యువకులు కావలెను.